మనుబోలు దాకా ట్రయల్

బండి తనని మోసం చేస్తోందని పెంచలకృష్ణకి అర్థమైపోయింది.

షాపు ముందు నిలబెట్టి ఎంత రేజ్ ఇచ్చినా బుద్ధిగా మోగుతుంది. ఊళ్లో తిప్పితే ఏ వంకా లేదు. హైవే ఎక్కి అరవై దాటాక రేజ్ ఇచ్చామా, వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగినట్టు గింజుకుంటుంది. ముక్కుతుంది, మూలుగుతుంది, ముందుకు మాత్రం పోదు. తిట్టుకుంటూ షాపుకి తెచ్చి విప్పి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి.

ఆ బండి కిషోర్‌ది. రొయ్యల మేత అమ్ముతూ గుంటల వెంట తిరిగే కుర్రాడు. పెంచలకృష్ణని అన్నా అంటాడు, అతని భార్య దుర్గని వదినా అంటాడు. దుర్గ కూడా వాడికి మంచి పిల్లని వెతుకుతానంటూ ఉంటుంది.

ముత్తుకూరు అవతల, సముద్రం ఒడ్డు ఊళ్లో పెంచలకృష్ణ మెకానిక్ షాపు. వెనకే ఇల్లు. బండి మలుపు తిరక్కముందే శబ్దం విని జబ్బు చెప్పేస్తాడని పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం. దాన్ని చెప్పుకోవడం ఇంకా ప్రాణం. రాత్రి కంచం ముందు కూర్చుంటే ఆ రోజు పట్టిన జబ్బులన్నీ దుర్గకి వివరించాల్సిందే. ఆమె ఊఁ కొట్టాల్సిందే.

అలాంటివాడు ప్లగ్గు మార్చాడు. కార్బరేటర్ కడిగాడు. ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేశాడు. క్లచ్ ప్లేట్లు కూడా మార్చాడు. జబ్బు జబ్బులాగే ఉంది.

"ఇంక తంటాలు పడబాకన్నా," అన్నాడు కిషోర్ జాలిగా. "పోర్టు రోడ్డులో లాజరస్ కొత్తగా షాపు పెట్టినాడు గదా. ఆయనకి చూపిస్తాలే."

ఆ జాలి చురుక్కుమంది.

"వాడు గాని పట్టినాడంటే నేను షాపు మూసేస్తా అబ్బయా! ఇంకొక్కసారి హైవేకి పోయొస్తా. నువ్వూ రా, వెనక కూర్చో."

"నా వల్ల గాదన్నా. మొన్న లారీ ముందర ఆగిపొయ్యేసరికి గుండె జారిపోయింది. నువ్వు పోయిరా."

ఊళ్లో ట్రయల్ చూసే వీల్లేదు. రోడ్డుకి అటూ ఇటూ రొయ్యల గుంటలే. యాభై దాటించినవాడు తేలేది అందులోనే. ముత్తుకూరు మీదుగా వెంకటాచలం పోయి హైవే ఎక్కాలి. పోనూ రానూ పూట గడిచిపోతుంది. ఈ నెలంతా అతనికి అదే పని అయిపోయింది.

వేరే ఆడదైతే ఈపాటికి బండినీ మొగుణ్ణీ కలిపి తిట్టేది. దుర్గ అలా కాదు.

"ఈసారి వెంకటాచలం కాడే తిరుక్కోబాకయ్యా. మనుబోలు దాకా పో. బండి బాగా వేడెక్కితేనే గదా రోగం బయటపడేది," అంది. దారిలో తినమని అన్నం క్యారియర్ కూడా అందించింది. ట్రయల్‌కి పోయేవాడికి క్యారియర్ కట్టివ్వడం ఇదే మొదలు. తన విద్య పెళ్లానికీ అంటుకుందని పెంచలకృష్ణ మురిసిపోయాడు.

మనుబోలు ఇంకా కాస్త దూరం ఉందనగా బండిని మళ్లీ ఎవరో చొక్కా పట్టి లాగినట్టయింది. ఈసారి గింజుకుని గింజుకుని పూర్తిగా ఆగిపోయింది.

రోడ్డు పక్కకి తోసి, సీటు మీద ఒక్కటిచ్చాడు. ఎన్నేళ్ల విద్య! నిన్నగాక మొన్నొచ్చిన లాజరస్ ముందు తలొంచుకోవాలా? ఏడుపొక్కటే తక్కువ. పెట్రోలు గాని అయిపోయిందేమోనని ట్యాంకు మూత తిప్పాడు.

బుస్సుమంది.

చెయ్యి అలాగే ఆగిపోయింది. ఎప్పుడూ షాపుకి చేరాకే మూత తీసేవాడు. అప్పటికి ఈ చప్పుడు ఉండేది కాదు. దారిలో తీయడం ఇదే మొదటిసారి.

మూతకి ఆవగింజంత బెజ్జం ఉంటుంది. పెట్రోలు దిగే కొద్దీ అందులోంచి ట్యాంకులోకి గాలి పోవాలి. ఆ బెజ్జం మూసుకుపోతే నిదానంగా పోయినంతసేపూ బండి ఎలాగో నెట్టుకొస్తుంది. స్పీడందుకుంటే పెట్రోలు చాలక గుక్క పట్టేస్తుంది. కాసేపు ఆగితే మళ్లీ మామూలే. పోయినేడు బిట్రగుంట ఆయన ఒకరి బండికి మట్టి పట్టి ఇలాగే అయితే చిటికెలో పట్టేశాడు. ఆ గొప్ప ఇంట్లో వారం రోజులు చెప్పుకున్నాడు. ఇప్పుడెలా మర్చిపోయాడు?

మూత తిరగేసి ఎండకి పట్టాడు. బెజ్జంలో మట్టి లేదు. నెమలికంఠం రంగులో ఏదో నిగనిగలాడుతోంది. గీకితే పెచ్చులా ఊడొచ్చింది. గోళ్లరంగు.

రోడ్డు పక్కన ఒక్కడే పగలబడి నవ్వాడు. ఎవరో గడుసు ఇల్లాలు! మొగుడు హైవే మీద దూకుడుగా పోకుండా కళ్లెం వేసింది. ఏమైతేనేం, తన పేరు నిలిచింది. లాజరస్ కాదు, వాళ్ల తాత కూడా పట్టలేడు దీన్ని.

ముందు దుర్గకి చెప్పాలి. ఫోన్ చేశాడు. స్విచాఫ్.

సరే, కిషోర్‌నే ఆట పట్టిద్దామనుకున్నాడు. "నీ పెళ్లాం పనిరా అబ్బయా" అనాలి. నంబరు నొక్కాక నవ్వు సగంలో ఆగింది. వాడికి పెళ్లెక్కడైంది? దుర్గ ఇంకా పిల్లని వెతుకుతూనే ఉందిగా.

కిషోర్ ఫోనూ స్విచాఫే.

పెంచలకృష్ణ చేతిలోని పెచ్చు వంక చూశాడు. పొద్దున తనకి అన్నం క్యారియర్ అందించిన చేతి గోళ్లకి ఉన్నదీ ఈ నెమలికంఠం రంగే.