పాడుపెట్టిన ఇల్లు

వెంకటనారాయణ దొంగతనానికి బయల్దేరే ముందు చూసేది పంచాంగం.

సత్తుపల్లిలో ఏ కలిగిన ఇంట్లో ఎవరు మంచం పట్టారో అతనికి తెలుసు. ధనిష్ఠ నక్షత్రంలో ప్రాణం పోతే ఆ ఇల్లు ఆరు నెలలు పాడుపెడతారు. తాళం వేసి, గుమ్మానికి ముళ్లకంప అడ్డం పెట్టి, ఇంటిల్లిపాదీ కిరాయి ఇంటికి వెళ్లిపోతారు. పక్కింటివాళ్లు అటు తొంగి కూడా చూడరు. లోపల గిన్నె పడ్డ చప్పుడైనా దణ్ణం పెట్టుకుని తలుపులు మూసుకుంటారు.

దొంగకు ఇంతకంటే ఏం కావాలి?

అందుకే అతనికి రాత్రిళ్లతో పనిలేదు. మిట్టమధ్యాహ్నం, వీధి కునుకు తీసే వేళ, చెప్పుల్లేకుండా గోడెక్కుతాడు. పెంకులు చప్పుడు కాకుండా ఊడదీస్తాడు. సెల్‌ఫోన్ వెంట తీసుకెళ్లడు. భద్రాచలంలో పని దొరికిందని, ఇప్పట్లో రానని నలుగురికీ ముందే చెప్పిపెడతాడు. ఇన్నేళ్లలో ఒక్కసారీ దొరకలేదు.

అలా మంచం పట్టిన కలిగిన పెద్దమనిషి పిచ్చయ్య సరిగ్గా ధనిష్ఠలోనే పోయాడు. ఆయన ఇంటి గుట్టు లోపల తిరిగిన మనిషి నుంచే రాబట్టాడు వెంకటనారాయణ. చెయ్యి మెలిపెడితే నోరు దానంతటదే తెరుచుకుంటుందని అతని అనుభవం.

"ధాన్యం గది మీద పెంకులు తీస్తే సాలు. కింద అన్ని బస్తాలే. తలుపుకు గడియ గూడ పెట్టరు" అంది ఆ నోరు.

చెప్పిన చోటే పెంకులు తీసి, వాసం పట్టుకుని పిల్లిలా వేలాడి, ఊపిరి బిగబట్టి, చేతులు వదిలాడు.

కింద బస్తాలు లేవు. బండలున్నాయి. తొడ ఎముక విరిగిన చప్పుడు అతనికే వినపడింది. పాక్కుంటూ వెళ్లి తలుపు నెట్టాడు. అవతలి నుంచి గడియ పెట్టి ఉంది. పోతూ పోతూ బస్తాలు కూడా మోసుకుపోయారని ఇంటివాళ్లను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాడు.

మొదట అరవలేదు. అరిస్తే పోలీసులు. కాలు మొద్దులా వాచి, నాలుక పిడచకట్టుకుపోయాక పోలీసులే దేవుళ్లనిపించారు. అప్పుడు అరిచాడు. వెంటిలేటర్ అవతల సందులో పోతున్నవాడెవడో సైకిల్ అక్కడే పడేసి పరుగెత్తాడు.

మర్నాడు వెంటిలేటర్‌లోంచి కుంకుమ పూసిన నిమ్మచెక్కలు వచ్చి పడ్డాయి. వాటిని తొక్కతో సహా నమిలేశాడు. ఆ తర్వాత గొంతులో 'నీళ్లు' అనే ఒక్క మాటే మిగిలింది. అదీ మూలుగులాగే వస్తోంది.

సందులో జనం పోగయ్యారు.

"వినండి, నీళ్లు అంటున్నారు! మావయ్యగారే. పోయేముందు కూడా ఇదే మాట" అంది పిచ్చయ్య కోడలు నిర్మలాదేవి.

"మనిషి లెక్కనే ఉన్నదమ్మా. తాళం చెవి ఇయ్యుండ్రి, నేను పోయి చూసొస్త" అన్నాడు సందు చివర కుట్టుమిషన్ పెట్టుకున్న షుకూర్.

"నీకేంది షుకూర్ భాయ్! నిన్ను పట్టుకుంటే మీ పీర్‌సాబ్ తాయెత్తు కడతడు. మమ్ముల పట్టుకుంటే ఎవడు కడతడు?" అన్నారెవరో. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"పాడుపెట్టిన ఇల్లు మధ్యలో తెరిస్తే ఇంట్లో ఇంకొకళ్లను తీసుకుపోతుందంటారు షుకూర్. నాకు పిల్లలున్నారు" అంది నిర్మలాదేవి.

"అట్లయితే రాజ్యశ్రీని పిలవుండ్రి. పెద్దాయన్ని లేపింది, కూసోబెట్టింది, నీళ్లు తాపింది ఆమెనే గద. ఆయన గొంతు కాదని ఆమె అంటే తాళం తీద్దాం" అన్నాడు షుకూర్.

నిర్మలాదేవి కొంగు ముడి విప్పి తాళం చెవి తీసింది. "సరే. రాజ్యశ్రీ కాదంటే ఈ క్షణమే తీసేద్దాం."

లోపల వెంకటనారాయణకు ప్రాణం లేచొచ్చింది. తన గొంతు రాజ్యశ్రీకి తెలియకపోవడమేమిటి! దగ్గినా గుర్తుపడుతుంది. కుండెడు నీళ్లు కళ్లముందు కదిలాయి.

చెప్పుల చప్పుడు వచ్చి వెంటిలేటర్ కింద ఆగింది.

"ఏందమ్మా, గింత జల్దీ రమ్మన్నరు?"

ఉన్న శక్తంతా కూడదీసుకున్నాడు. "రాజీ..."

జనం ఒక్కడుగు వెనక్కి వేశారు.

"రాజీ అంటున్నారు! నిన్నలా పిలిచేది మావయ్యగారేగా?" నిర్మలాదేవి ఏడుపందుకుంది.

"జర ఆగుండ్రమ్మా. సక్కగ విననియ్యుండ్రి."

రాజ్యశ్రీ గోడకు చెవి ఆనించి విన్నది. చాలాసేపు విన్నది.

"రాజీ... నేనే... నీళ్లు..."

లోపలి నుంచి కట్టుకున్న మొగుడు మరోసారి పేరు పెట్టి పిలుస్తుంటే, రాజ్యశ్రీ కొంగు తలమీదికి లాక్కుని, గోడకు చేతులు జోడించి, "అవ్ అమ్మా, పెద్దాయన గొంతే" అన్నది.