సవతి రంపం

ఆదివారం వస్తే చాలు, మా ఆయన చెట్లు కోసే పెట్రోలు రంపాన్ని ఒళ్లో పెట్టుకుంటాడు. బ్రష్షుతో పొట్టు దులుపుతాడు, గొలుసు పంటి పంటికీ ఆకురాయితో పదును పెడతాడు. నా వైపు మాత్రం కన్నెత్తి చూడడు.

"పెళ్లి కూడా దాన్నే చేసుకోవాల్సింది," అన్నాను.

"అది ఎదురు మాట్లాడదు," అన్నాడు.

ఒళ్లు మండి, ఆయన లేనప్పుడు దాని స్పార్క్ ప్లగ్గు వదులు చేశాను. రంపం స్టార్టవలేదు. "ఇలా వచ్చి పట్టుకో," అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మధ్యాహ్నం దాకా కబుర్లే కబుర్లు.

అప్పట్నుంచి శనివారం శనివారం అదే నా పని.

నిన్న చుట్టాలొస్తే మర్చిపోయాను. ఇవాళ తాడు లాగగానే రంపం స్టార్టయింది. ఆయన మొహం చిన్నబోయింది.

"ఏం, నామీద కోపమొచ్చిందా?" అన్నాడు. "ప్లగ్గు నీకు తేలిగ్గా తిరగాలని ఉత్త చేత్తోనే బిగించానే."