మెట్ల మీద మట్టి

నెల్లూరు పార్కు గేటు మెట్ల మీద ఏటవాలుగా పోసిన మట్టిని తీసేయడానికి తోటమాలి హజరత్తయ్య పార ఎత్తాడు.

"ఆగన్నా!"

లోపల చక్రాల కుర్చీలో టీచరు ఎలిశబెతు. పార్కు రేడియోను ఇన్నేళ్లూ గేటు బయటినుంచే విన్న మనిషి, ఇవాళే ఆ మట్టి మీదుగా లోపలికొచ్చింది.

"సిమెంటు బల్లను లోపలికి తెచ్చేదానికి పోసినాం టీచరమ్మా. బల్ల వచ్చేసింది. ఇంక ఉంచితే బర్రెలు జొరబడతాయి."

"బల్ల మళ్లీ ఇంటికి పోదు. నేను పోవద్దా?"

హజరత్తయ్య తల గోక్కున్నాడు. "సరే, మీరు పోయినాకే తీస్తా."

"అయితే నేను పోను." ఆమె తాపీగా వేరుశనక్కాయల పొట్లం విప్పింది. "నువ్వు ఇంటికి పోన్నా. బర్రెలొస్తే నేను తోల్తాలే!"

హజరత్తయ్యకు నవ్వు ఆగలేదు. పారను తిరగేసి, వదులు మట్టిని దబదబా అణగ్గొట్టాడు.

"ఇంక ఇంటికి పొండమ్మా. రేపొచ్చేటప్పుడు చక్రం దిగబడదు."