మూడు పెడళ్ళు, ఒక చెవి

వాద్యాల షాపు ఓనరు మూడు పెడళ్ళను గాజు బల్ల మీద వరసగా పెట్టి చేతులు దులుపుకున్నాడు.

"బేస్ గిటారుకి ఇంతకు మించిన ప్రీఆంప్ పెడళ్ళు మీకెక్కడా దొరకవండీ. గిటారు వైరు ఇటు గుచ్చి, అటునుంచి స్పీకరుకి ఇస్తాం. మధ్యలో ఈ నాబ్‌లు తిప్పి గొంతు ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు. వాయించి చూడండి."

వచ్చినాయన గిటారు ముట్టుకోలేదు. ఆయన బేకరీలో రొట్టెల మాస్టరు. మోచేతుల మీద ఇంకా పిండి అంటుకుని ఉంది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. పక్కన భార్య, ఆవిడ భుజానికి పెద్ద సంచీ.

"మీరు వాయించండి. నేను వినాలి," అన్నాడు మాస్టరు.

"ఏం వాయించమంటారు?"

మాస్టరు కళ్ళు మూసుకుని నోటితోనే అందుకున్నాడు. "డుమ్ డుమ్ డుడుమ్... డుమ్ డుమ్ డుడుమ్..." మూడో విడతలో ఆగాడు. "ఇదిగో, ఇక్కడ వేలు జారాలి. జారాక మళ్ళీ మొదటికి రావాలి."

"తప్పు కూడా వాయించాలా?"

"తప్పే ముఖ్యమండీ. అది లేకపోతే నాకు తేడా తెలీదు."

ఓనరుకి ఒళ్ళు గగుర్పొడిచింది. ముప్పయ్యేళ్ళుగా షాపు నడుపుతున్నాడు. మెచ్చుకోళ్ళ కోసం వచ్చినవాళ్ళనే చూశాడు కానీ, తప్పును వెంటబెట్టుకుని వచ్చినవాణ్ణి చూడటం ఇదే మొదలు.

మొదటిది నల్ల పెడల్. ఓనరు తీగ మీటగానే షాపు అద్దాలు జివ్వుమన్నాయి. మాస్టరు భార్య సంచీలోంచి గాజుగ్లాసు తీసి, సీసాలోని నీళ్ళు అందులో పోసి, బల్ల మీద పెట్టింది. నీళ్ళు గుండ్రంగా వణికాయి.

"చూడండి, అచ్చం మనింట్లో లాగే ఉంది," అంది మొగుడితో.

"ఇది వద్దు," అన్నాడు మాస్టరు.

"ఎంత వెచ్చని గొంతండీ ఇది!"

"వెచ్చగానే ఉంది. దవడ పళ్ళలోకి దిగుతోంది."

రెండోది వెండి రంగు పెడల్. అందులో గొంతును గరగరలాడించే నాబ్ ఒకటి అదనం. ఈసారి మాస్టరు వెనకాల ఉన్న సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

"వాయించండి!" అని లోపల్నుంచి కేక.

ఓనరు వాయించాడు.

"దీనికి కోరలున్నాయండీ! గోడ కొరికేస్తోంది!"

ఓనరు మాస్టరు భార్యని గుసగుసగా అడిగాడు. "తలుపేసుకుని వింటారేమిటమ్మా?"

"ఇంట్లో అలా వినే అలవాటండీ."

"రోజుకి ఎన్ని గంటలు?"

"పొద్దున పదింటి నుంచి నాలుగింటి దాకా. ఏడు నెలలైంది, ఆదివారం కూడా నాగా లేదు."

"మరి బేకరీ?"

"అది రాత్రి ఉద్యోగం."

"మరి నిద్ర?"

ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. "నిద్రా? మొన్న పిండిముద్ద మీదే తల వాల్చేశారు. చెవి అచ్చు పడిపోయింది. ఆ రొట్టె అలాగే కాలి, అమ్ముడు కూడా పోయింది. ఇంకోసారి ఇలా జరిగితే పనిలోంచి తీసేస్తామన్నారు."

ఓనరు గుండె మీద చెయ్యేసుకున్నాడు. "ఆ రొట్టె నాకు దొరికి ఉంటేనా, తల్లీ, ఈ గోడకి ఫ్రేము కట్టించి పెట్టుకునేవాణ్ణి."

మాస్టరు బయటికొచ్చాడు. "ఈ బేస్ అన్న నాబ్ బాగా తగ్గించండి."

తగ్గించాడు.

"ఇంకా."

"సున్నాలో ఉందండీ."

"ఇంకా కిందికి వెళ్ళదా?"

"సున్నా కింద ఏముంటుందండీ?"

"కానీ వినిపిస్తోందిగా!"

"గిటారు కదండీ, వినిపిస్తుంది."

మాస్టరు స్టూలు మీద కూలబడ్డాడు. ఓనరు ఆ మొహం చూశాడు. ఇంత పెద్ద కళాకారుణ్ణి ఉత్తచేతులతో పంపడమా? ఇక మిగిలింది మూడోది. సబ్బుపెట్టె అంత ఉంది.

"దీని గొంతు అంతంతమాత్రం. మీలాంటివాళ్ళకి చూపించాలంటేనే సిగ్గుగా ఉంది," అన్నాడు.

"పక్కన ఆ కన్నం ఏమిటి?"

"హెడ్‌ఫోన్లకండీ. స్పీకరు వైరు పీకేసి ఇవి చెవులకి తగిలించుకోవడమే."

ఓనరు తగిలించుకుని మొదలుపెట్టాడు. నల్ల పెడల్‌కీ వెండి పెడల్‌కీ జరిగిన అవమానమంతా ఇక్కడే తీర్చుకోవాలన్నట్టు పూనకం వచ్చినవాడిలా వాయించాడు. భుజాలు ఊగాయి. జుట్టు మొహం మీద పడింది. మూడో విడతలో వేలు జార్చడం కూడా మర్చిపోలేదు.

షాపులో మాత్రం తీగల మీద గోళ్ళు తగిలే టిక్కుటిక్కులు తప్ప మరేం లేదు. గ్లాసులో నీళ్ళు నిలకడగా ఉన్నాయి. బయట ఎవరో సైకిల్ స్టాండు వేసిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

ఓనరు చెమట తుడుచుకుంటూ కళ్ళు తెరిచాడు. మాస్టరు గోడకి జారగిలబడి సమాధిలో ఉన్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"ఎలా ఉందండీ?" అన్నాడు ఓనరు భయం భయంగా.

భార్య భుజం పట్టి కుదిపితే మాస్టరు ఉలిక్కిపడి లేచాడు. చెంపల మీద నీళ్ళు.

"ఏడు నెలల్లో ఇంత గొప్ప గొంతు వినలేదండీ. ఇదే ఇచ్చేయండి. ఆ హెడ్‌ఫోన్లు కూడా."

ఓనరు పెడల్‌ని రంగు కాగితంలో చుట్టి, రిబ్బను కట్టి, తన దగ్గరున్న వాటిలోకెల్లా మంచి పెన్ను తీశాడు.

"మీ పేరు నా చేత్తో రాసే భాగ్యం ఇవ్వండి, మాస్టారూ."

"నా పేరెందుకండీ, నాకు గిటారు పట్టుకోవడం కూడా రాదు, మా పై వాటాలో గిటారు నేర్చుకుంటున్న రిటైర్డ్ లెక్కల టీచరమ్మ గారి పేరు రాయండి."