నూకాలు వాగులో దిగలేదు

పులిని తన్నిన గాడిద కథ ఎవరైనా చెబితే నమ్మకండి. నూకాలు కథ మాత్రం నమ్మండి.

రాతికొండకు పనికి పోయిన గాడిదలు తిరిగొచ్చేటప్పుడు వాగులో మునిగి, ఒళ్లు నిగనిగలాడించుకుని మందలో అడుగుపెట్టేవి. అది ఆనవాయితీ. ఆ నిగనిగలు చూసి మరుసటి ఏడు ఇంకో పది కొండకు పోయేవి. ఇక్కడేమో గట్టుకు మన్ను మోసే గాడిదలు కరువై, మంద నీళ్లు తాగే మడుగు గట్టు తెగిపోయింది.

ఆ ఏడు నూకాలు అనే గాడిద వాగులో మునగలేదు. ఒళ్లంతా తెల్లటి రాతిపిండితో, దగ్గుకుంటూ వచ్చి మంద నడుమ నిలబడింది.

"మా పరువు తీశావు కదే! పోయి కడుక్కో" అని కసిరింది పెద్ద గాడిద. కొండకు మొట్టమొదట దారి చూపింది అదే.

"ఒంటి మీది పిండి కడుక్కుంటాను తాతా. గుండెల్లోకి పోయిన పిండిని ఏ వాగులో కడగను? కొండకు పోయే పిల్లలు ఇది చూసే వెళ్లనీ" అంది నూకాలు.

పెద్ద గాడిద నోరు తెరిచింది. దగ్గు వచ్చింది. పదేళ్లుగా వాగు అవతలే దగ్గేసి వచ్చే ఆ ముసలిది, ఆరోజు అందరి ముందూ దగ్గింది.