ఎవరూ అనని అర్థం

"ఈ పుస్తకం నాది. పైన పేరు మాత్రం ఈ దొంగది," అంటూ బోర్డు మాస్టారు పుస్తకాన్ని ప్రెస్సు యజమాని బల్ల మీద పడేశాడు. బల్ల మీది టీ గ్లాసు ఎగిరి కూర్చుంది.

దొంగ అక్కడే, కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. మాస్టారికి స్వయానా బావమరిది.

"ముందు కూర్చోండి మాస్టారూ," అన్నాడు యజమాని. "వెయ్యి కాపీలు బైండింగు అయిపోయాయి. రేపు పొద్దున బయటికి వెళ్లాలి. ఇప్పుడొచ్చి నాదంటే ఎలా?"

"ఇరవై రెండేళ్లండీ!" అంది మాస్టారి భార్య. ఆవిడ కూర్చోలేదు. "తెల్లారి లేస్తే బోర్డు, పడుకోబోతే బోర్డు. కట్టుకున్నదాన్ని, నా పేరైనా అన్నిసార్లు పిలిచి ఎరగరు. ఆ కార్డుల దుమ్ము దులిపీ దులిపీ నా నడుం పడిపోయింది. ఏరా, తోడబుట్టినవాడివని అన్నం పెడితే కంచమే ఎత్తుకుపోతావా?"

"అక్కా, నువ్వు ఊరుకో," అన్నాడు బావమరిది, నేల చూస్తూ.

బోర్డు అనే ఆ పాత ఇంగ్లీషు మాట మాస్టారిని పట్టుకుందో, మాస్టారే దాన్ని పట్టుకున్నాడో చెప్పలేం. వడ్రంగి దగ్గర అది వట్టి చెక్క. బడిలో నల్లగా గోడనంటుకుని ఉంటుంది. లాయరు గుమ్మానికి పేరై వేలాడుతుంది. కంపెనీలో పది కుర్చీలు వేసుకుని కూర్చుంటుంది. హాస్టల్లో తిండై కడుపులోకి పోతుంది. జనాన్ని ముంచిన వ్యాపారి తిప్పేసిందీ దాన్నే. విన్న ప్రతి వాడుకనూ మాస్టారు ఒక కార్డు మీద ఎక్కించేవాడు. కార్డు వెనక, ఆ మాట ఏ పనివాడు అన్నాడో, ఏ రోజున అన్నాడో రాసేవాడు. నలభై అయ్యాయి. ఇంకొకటి దొరక్కపోతుందా అని అచ్చుకు ఇవ్వకుండా ఆగాడు. బావమరిది ఆగలేదు.

"నువ్వేమంటావయ్యా?" అని యజమాని అతన్నడిగాడు.

"మాట ఎవడబ్బ సొత్తండీ? బావగారు అడిగినవాళ్లనే నేనూ అడిగాను. వాళ్లు ఆయనకు చెప్పిందే నాకూ చెప్పారు, ఉన్నదున్నట్టు రాసుకున్నాను. వడ్రంగి బావకొకటీ నాకొకటీ చెప్తాడా?"

యజమాని గడ్డం గోక్కున్నాడు. "అదీ నిజమే మాస్టారూ."

మాస్టారు చేతిసంచీలోంచి తన రాతప్రతి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఇందులో నలభై ఒక్క అర్థాలున్నాయి. ఒకటి అబద్ధం. ఎవరూ అనలేదు, నేనే పుట్టించాను. నిఘంటువులు కట్టేవాళ్లలో ఈ అలవాటు పాతదే. చేలో దొంగ కోసం ఉచ్చు పెట్టినట్టు. నలభై నిజాలు వాడికి ఎవరైనా చెప్పి ఉండొచ్చు. ఆ అబద్ధం ఎవరు చెప్తారు?"

యజమాని నిటారుగా కూర్చున్నాడు. "ఏది అది?"

"ముందే చెబితే వాడు ఏదో ఒక సాకు అల్లుతాడు. నా కళ్లతో చూసి, తర్వాత మీకు చూపిస్తా."

"సరే. అది ఇతని పుస్తకంలో ఉంటే వెయ్యి అట్టలూ చింపించి మీ పేరుతో వేయిస్తాను. లేకపోతే మాత్రం రేపు పుస్తకం వెళ్లిపోతుంది. మళ్లీ నా గుమ్మం ఎక్కకూడదు."

"చూడమనండి," అన్నాడు బావమరిది. "నాకేం భయం?"

"చూడండి, బాగా చూడండి," అంది భార్య, పుస్తకాన్ని మొగుడి ముందుకు తోస్తూ. "వీడి బండారం బయటపడాలి."

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని పేజీలు తిప్పాడు. అదే వరస. అవే వాక్యాలు. రేవులో ముసలి కళాసీ తనతో అన్న మాట, కామాతో సహా దిగిపోయింది. మాస్టారు పేజీ తర్వాత పేజీ దాటాడు. గడియారాలు బాగుచేసేవాళ్లు ఆగిపోయిన గడియారాన్ని బోర్డు అంటారని తను కల్పించిన ముక్క కోసం వెతుకుతున్నాడు. దాన్ని రాసింది తనే, దాచిందీ తనే. ఆ కార్డు ఒక్కదాని వెనక మాత్రం ఏమీ రాయలేదు. ఆ సంగతి ఆయన నోరు దాటి ఏనాడూ బయటికి రాలేదు.

ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభై. పుస్తకం అయిపోయింది.

మాస్టారు మళ్లీ మొదటి పేజీకి వచ్చాడు. ఈసారి ఒక్కో వాక్యం మీదా వేలు ఆనించి చదివాడు. పక్కగదిలో మిషను ఆగింది. ఎవరో కాగితాల కట్ట దించిన చప్పుడైంది.

"దొరికిందా మాస్టారూ?" అన్నాడు యజమాని.

మాస్టారు తల అడ్డంగా ఊపాడు.

బావమరిది ఊపిరి వదిలి, నవ్వి, లేచి వచ్చాడు. "పోనీలెండి బావగారూ. పెద్దవారు, ఏదో కోపంలో అన్నారు. నేను మనసులో పెట్టుకోను."

"ఏడిశావులే! చేసిందంతా చేసి నీతులు కూడానా?" అని కసిరి, భార్య మాస్టారి భుజం మీద చెయ్యి వేసింది. "లేవండి. ఆ గడియారం ఒక్కటీ లేనంత మాత్రాన వీడు దొరైపోడు. పదండి, ఇంటికి పోదాం."

బావమరిది మొహంలో నవ్వు పోయింది. అక్కను చూసి, గబుక్కున కిటికీ వైపు తిరిగాడు.

మాస్టారు లేవలేదు. పుస్తకం మూశాడు. భుజం మీది చేతిని మెల్లిగా తీసి పక్కన పెట్టాడు.

"ఏ గడియారం?" అన్నాడు.