తిట్టనివ్వని పొయ్యి

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: పొయ్యి దగ్గర మాణిక్యమ్మ, మంచం మీద ఆమె భర్త పోలయ్య, గుమ్మం లోపల నిలబడ్డ ఝాన్సీ. పొయ్యినీ తలుపునీ కూడా లెక్కలో వేసుకోవాలి. ఇప్పుడు అవీ మాట్లాడుతున్నాయి మరి.

తెలుగు ఎం.ఏ. చదివిన ఝాన్సీ, ఒక కంపెనీలో ఇంటి వస్తువులకు మాటలు రాస్తుంది. ఈ ఇంటివాళ్ళు కొత్త పొయ్యి మాటలు మెచ్చుకుంటేనే ఆమె ఉద్యోగం ఖాయమవుతుంది.

మాణిక్యమ్మ మూకుడులో చేపముక్కలు వేసిందో లేదో, పొయ్యి ఆరిపోయింది.

"మామ్మా, తాతయ్యకి గుండె బాగోలేదు కదా! వేపుడు వద్దులే. నా బంగారు మామ్మవి కదూ!" అంది పొయ్యి ముద్దుగా.

"ఎలా ఉందండీ మామ్మగారూ?" ఝాన్సీ ఆశగా అడిగింది.

"ఈ మాటలు రాసింది నువ్వేనా?"

"నేనేనండీ. మా మామ్మని నేను అలాగే బతిమాలేదాన్ని."

"పాత పొయ్యి ఎర్రలైటు వెలిగించి ఊరుకునేది. దీని దుంప తెగ అని తిట్టుకుంటే కడుపుమంట చల్లారేది. ఇదేమో మామ్మా అని పిలిచి మరీ నోటికాడ కూడు లాగేస్తోంది. మనవరాలిలా పిలిచేదాన్ని ఏమని తిట్టనే?"

"తిట్టు, తిట్టు. ఆ పిల్లనే తిట్టు," అన్నాడు పోలయ్య మంచం మీంచి.

"మామ్మగారూ, మాటలు మార్చేస్తానండీ..."

"నన్నలా పిలవకు! బయటికి నడు. తలుపూ, మూసుకో."

గుమ్మం దాటిన ఝాన్సీకి ఒళ్ళు మండిపోయింది. గిర్రున వెనక్కి తిరిగింది.

"ఏమీ అనుకోకు చెల్లీ, ఎండగా ఉంది, నీడపట్టున వెళ్ళు," అంది తలుపు. నిరుడు తను రాసిన మాటే అది. నోటిదాకా వచ్చిన తిట్టు నోట్లోనే ఉండగా, తలుపు మెత్తగా మూసుకుంది.